శుక్లం పైన కమ్మే పొర కాదు



"సిస్టరుగారూ, అమ్మకు కంట్లో పొర వచ్చింది. చుక్కల మందుతో కరుగుతుందా?" వార్డులో నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. కరగదనే నా జవాబు. ఎందుకు కరగదో తెలుసుకుంటే చుక్కల కోసం డబ్బూ కాలమూ పోగొట్టుకోరు.

శుక్లం కంటిపైన కమ్మే పొర కాదు. కంటిపాప వెనుక ఉండే కటకం, అంటే లెన్సే మసకబారడం. వెలుగు ధారాళంగా పోవాలి గనుక కటకంలో రక్తనాళాలు ఉండవు. మరి నీరు, ఆహారం లోపలికి ఎలా చేరుతాయి? కటకంలోని పొడవాటి కణాల గోడల్లో ఇందుకోసం ప్రత్యేకమైన మాంసకృత్తులు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఆక్వాపోరిన్-0. ఇది నీటికి తూములా పనిచేస్తుంది, పక్కపక్క కణాలను దగ్గరగా పట్టి ఉంచుతుంది. కనెక్సిన్లు అనేవి కణానికీ కణానికీ మధ్య దారులు. ఇలాంటి నీటి తూములను కనుగొన్నందుకే పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

అయితే కటకం నడుమ ఉన్న కణాలకు కేంద్రకం ఉండదు. అందుచేత అవి కొత్త మాంసకృత్తులను తయారు చేసుకోలేవు. 70 ఏళ్ల అవ్వ కటకం మధ్యలో ఉన్నవి ఆమె తల్లి కడుపులో ఉన్నప్పుడు తయారైనవే! వయసు, ఎండ, పొగాకు, మధుమేహం వాటిని పాడుచేస్తాయి. ఉడికిన గుడ్డు తెల్లసొన మళ్లీ పచ్చిదవుతుందా? ఇదీ అంతే. శుక్లాన్ని పోగొడుతుందని రుజువైన చుక్కల మందు నేటికీ లేదు. పైగా డాక్టరు సలహా లేకుండా స్టెరాయిడ్ చుక్కలు ఎక్కువకాలం వేసుకుంటే శుక్లం త్వరగా రావచ్చు.

మసకబారిన కటకాన్ని తీసి కృత్రిమ కటకం అమర్చడమే చికిత్స. "శుక్లం పండనివ్వండి" అన్నది పాతకాలపు మాట. చూపు తగ్గి పనులకు అడ్డం వస్తే చాలు, డాక్టరుకు చూపించండి. బాగా ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది. కొందరికి కంట్లో ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు.

ఈ మాంసకృత్తుల జన్యువుల్లో లోపం ఉంటే కొందరు బిడ్డలు శుక్లంతోనే పుడతారు. పసిబిడ్డ కంటిపాపలో తెలుపు కనిపిస్తే దిష్టి అని తాత్సారం చేయవద్దు. అది శుక్లమైనా, కంటిలోని కణితి అయినా వెంటనే చూపించాలి. బిడ్డ మెదడు చూడటం నేర్చుకునేది ఆ తొలి నెలల్లోనే.

"ఈ వయసులో నాకు చూపెందుకు?" అని పెద్దలు అంటారు. ఇంట్లోవారికి ఖర్చు కాకూడదనే అలా అంటారు. ఆ మాట పట్టుకుని ఊరుకోకండి. చుక్కలకు పెట్టే డబ్బు బస్సు చార్జీకి పెట్టి వారిని కంటి డాక్టరు దగ్గరకు తీసుకురండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్