గడ్డి మోపుల యంత్రం – పరిణామం, ప్రస్తుత ఆవశ్యకత

తెలుగు రాష్ట్రాల మాగాణులలో వరికోత చాలావరకు కంబైన్ హార్వెస్టర్ల పరమైన విషయం విదితమే. కోత, నూర్పిడి ఒకే రోజున ముగుస్తుండగా, యంత్రం వెనుక బారులుగా రాలిన గడ్డి మాత్రం పొలంలోనే మిగిలిపోతున్నది. కొడవలితో కోసి, పనలు కట్టి, కుప్పవేసి నూర్చిన కాలంలో గడ్డి కళ్లం నుంచి నేరుగా వాముకు చేరేది. అప్పట్లో గడ్డి సేకరణ విడిగా లెక్కించవలసిన పని కాదు. కంబైన్ రాకతో అది ప్రత్యేకమైన పనిగా, ప్రత్యేకమైన ఖర్చుగా విడివడింది. ఆ పనికి కూలీలు దొరకని చోట, లేదా తదుపరి పంటకు వ్యవధి లేని చోట, అగ్గిపుల్లే అన్నిటికన్న చౌకైన పరికరమైంది. ఈ నేపథ్యంలో గడ్డిని మోపులుగా కట్టే బేలర్ యంత్రం గురించిన చర్చ ప్రతి కోతల కాలంలోనూ ముందుకు వస్తున్నది. ఆ యంత్రం ఏ దశలో ఏ ఇబ్బందిని తీర్చుటకు పుట్టినదో పరిశీలిస్తే, ఇక్కడి పొలాలలో అది ఎంతవరకు అక్కరకు వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తేటపడుతుంది.

గడ్డిని అదిమి కట్టే యంత్రం తొలుత పొలం కోసం పుట్టినది కాదు, రవాణా కోసం పుట్టినది. 19వ శతాబ్దంలో అమెరికా నగరాలలోని గుర్రాలకు మేత కావలసి ఉండగా, విడిగడ్డిని పడవలలో నింపితే బరువు తక్కువ, చోటు ఎక్కువ పట్టేది. ఒహాయో నదీతీరాన ఇండియానా రాష్ట్రంలో శామ్యూల్ హెవిట్ 1843లో రూపొందించిన ప్రెస్సు పశువుల కొట్టంలో మూడంతస్తుల ఎత్తున నిలిచేది. బరువైన దిమ్మెను పైకెత్తి గడ్డిపై పడవేసి దమ్మించి, ఒక్కొక్కటి సుమారు 300 పౌండ్లు, అనగా 136 కిలోలు తూగే బేళ్లు కట్టేవారు. గడ్డిని యంత్రం వద్దకు మోసుకురావలసిందే గాని యంత్రం గడ్డి వద్దకు పోలేదు.

1870ల నాటికి న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీకి చెందిన పి.కె. డెడరిక్ అడ్డంగా సాగే ప్రెస్సులను ప్రచారంలోకి తెచ్చారు. ముందుకూ వెనుకకూ కదిలే దిమ్మె గడ్డిని ఒక పెట్టెలోకి తోస్తుంది. అంతకుముందు కట్టిన బేలు పెట్టెలో బిగుసుకొని ఉండి తరువాతి బేలుకు గోడగా పనిచేస్తుంది. కట్టినది బయటకు జరుగుతూ ఉంటే కట్టవలసినది వెనుక నుంచి చేరుతూ ఉంటుంది కాబట్టి పని ఆగదు. నేటి పలకల బేలర్లన్నింటికీ ఇదే మూలసూత్రం. గుర్రాల స్థానంలో ఇంజన్లు, ఇంజన్ల స్థానంలో ట్రాక్టర్ల పి.టి.ఓ. షాఫ్టులు వచ్చినవి గాని దిమ్మె, పెట్టె మారలేదు.

అదిమే పని యంత్రానికి అప్పగించిన తరువాత కూడా కట్టే పని మనిషి చేతిలోనే ఉండిపోయింది. 1930లలో పొలంలో తిరుగుతూ గడ్డిని ఎత్తుకొనే బేలర్లు వచ్చినప్పటికీ, పెట్టెకు ఇరువైపులా ఇద్దరు మనుషులు దుమ్ములో కూర్చుని, బేలు బేలుకూ తీగను దూర్చి మెలిపెట్టవలసి వచ్చేది. ఆ ఇద్దరిని దింపినది ముడి వేసే పరికరం. దాని కథ బేలర్ కన్నా పాతది. విస్కాన్సిన్‌కు చెందిన జాన్ ఆపిల్‌బీ 1870ల చివరిలో గోధుమ పనలను పురికొసతో కట్టుటకు దానిని రూపొందించారు. సూది పురికొసను కట్ట చుట్టూ తిప్పి తెస్తుంది. గాడులు గల చిన్న చక్రం రెండు కొసలనూ బిగించి పట్టుకుంటుంది. పక్షి ముక్కు వంటి కొక్కెం ఒక చుట్టు తిరిగి పురికొసను తనపై మడతగా చుట్టుకొని, ముక్కు తెరచి కొసలను కరచుకుంటుంది. కత్తి కోస్తుంది. మరొక మీట ఆ మడతను కొక్కెం మీద నుంచి లాగివేయగానే ముడి బిగుస్తుంది. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో జరిగిపోతుంది. యంత్రానికి వేళ్లు మొలిపించిన పరికరంగా దీనిని పేర్కొనవచ్చు. పెన్సిల్వేనియాకు చెందిన ఎడ్విన్ నోల్ట్ 1937లో ఇటువంటి ముడి పరికరాన్ని పొలంలో తిరిగే బేలర్‌కు జతచేయగా, 1940 నుంచి న్యూ హాలండ్ సంస్థ దానిని విస్తృతంగా తయారు చేసింది. దానితో గడ్డి కట్టడం ఒక్క డ్రైవరు పని అయింది.

ముడి అవసరాన్నే తొలగించిన మార్గం మరొకటి కలదు. నెబ్రాస్కాకు చెందిన ఉమ్మో లూబెన్ గడ్డిని అదమకుండా చాపలా చుట్టే యంత్రానికి 1910లో పేటెంటు పొందారు. ఆ హక్కులు కొన్న అల్లిస్ చామర్స్ సంస్థ 1947లో రోటో బేలర్‌ను విపణిలోకి తెచ్చింది. చుట్టపై పురికొసను పలుమార్లు తిప్పి తెంపితే చాలును, ముడితో నిమిత్తం లేదు. అయితే పురికొస చుట్టినంతసేపూ ట్రాక్టరును ఆపవలసి ఉండుట దాని లోపం. ఈ సూత్రంపైనే 1971లో అయోవా రాష్ట్రంలోని పెల్లాకు చెందిన గ్యారీ వెర్మీర్ భారీ చుట్టల బేలర్‌ను రూపొందించారు. 1978లో హెస్టన్ సంస్థ ముప్పావు టన్నుకు అటూఇటూ తూగే పలకల బేళ్లు కట్టే యంత్రాన్ని విడుదల చేసింది. రెండింటి ఉద్దేశమూ ఒకటే: కట్టను మనిషి చేతితో ఎత్తే అవసరం లేకుండా చేయడం. అమెరికా పొలాలలో కొరతగా ఉన్నది భూమి కాదు, మనిషి. అందుచేత అక్కడ మోపు పెరుగుతూ పోయింది. మోపు పెరిగిన కొలదీ దానిని ఎత్తే లోడరు, మోసే ట్రైలరు, తిరిగే వెడల్పాటి దారి ఒకదాని వెంట ఒకటి తప్పనిసరి అయినవి.

తెలుగు నేలలో స్థిరపడినది ఆ భారీ యంత్రం కాకపోవడం గమనార్హం. గట్లతో విభజింపబడిన చిన్న మడులలో, 35 నుంచి 45 హెచ్.పి. ట్రాక్టరు వెనుక తిరుగుతూ, 15 నుంచి 25 కిలోల చిన్న చుట్టలను విడిచిపోయే మినీ రౌండ్ బేలర్ ఇక్కడ ఆదరణ పొందినది. ఒక మనిషి భుజానికెత్తుకొని గట్టు దాటించగల బరువు అది. ఎకరాకు ఒక టన్ను గడ్డి పోగైతే 20 కిలోల లెక్కన 50 చుట్టలు లభిస్తాయి. వాటిని ఇద్దరు పాడి రైతులు పంచుకొని తీసుకుపోవచ్చును, చుట్ట విప్పి పూటకు కావలసినంత గేదెల ముందు వేయవచ్చును. ముడి పరికరం లేకపోవడం కూడా ఈ యంత్రానికి కలిసివచ్చింది. దుమ్ము, ఇసుక పడినప్పుడు పలకల బేలర్‌లో మొదట మొరాయించేది ముడి కొక్కెమే. దానిని సరిచేయగల మెకానిక్ మండల కేంద్రంలో దొరకకపోవచ్చును గాని, రోలరు, గొలుసు బాగుచేయగలవారు దాదాపు ప్రతిచోటా ఉన్నారు.

పంజాబ్, హర్యానాలతో పోలిక తీసుకువచ్చేటప్పుడు ఒక తేడాను విస్మరించరాదు. అక్కడ పశువులకు ప్రధానమైన ఎండుమేత గోధుమ పొట్టు. వరిగడ్డికి మేతగా గిరాకీ స్వల్పం కాబట్టి అక్కడి బేలర్ విద్యుత్ కేంద్రాలు, జీవ ఇంధన కర్మాగారాల వైపు చూడవలసి వస్తున్నది. ఇక్కడ వరిగడ్డే ప్రధానమైన ఎండుమేత. అనగా, ఇక్కడ తగలబడేది వ్యర్థపదార్థం కాదు, పక్క మండలంలో కొనుగోలుదారు గల సరుకు. 2018-19లో కేంద్ర ప్రభుత్వం పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీలకు పంట అవశేషాల నిర్వహణ యంత్రాలపై వ్యక్తిగత రైతులకు 50 శాతం, అద్దె కేంద్రాలకు 80 శాతం రాయితీతో ప్రత్యేక పథకాన్ని ప్రారంభించింది. తెలుగు రాష్ట్రాలు ఆ పథకంలో లేవు. 2014-15లో ఆరంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ వంటి సాధారణ పథకాలే ఇక్కడికి దారి. గిరాకీ ఉన్న చోట రాయితీ కన్నా సమయానికి యంత్రం అందుబాటులో ఉండుటే ముఖ్యమన్న వాదనలో బలమున్నది.

సమయం అనునది ఈ సమస్యకు అసలు కీలకం. తెలంగాణ యాసంగి, కోస్తా దాళ్వా కోతలు వేసవి మొదట్లో వస్తాయి. నేల గట్టిగా, గడ్డి పెళపెళలాడుతూ ఉంటుంది, బేలర్ ఇబ్బంది లేకుండా తిరుగుతుంది. వానాకాలం పంట పరిస్థితి వేరు. తడి నేలలో కోతకు చైన్ హార్వెస్టర్ తప్పనిసరి. దాని పట్టాల కింద గడ్డి బురదలో నలిగిపోతుంది. రాత్రి మంచు పడితే మరునాడు పొద్దెక్కే వరకు గడ్డి ఆరదు. తేమ 20 శాతం మించిన గడ్డిని బిగించి చుడితే లోపల వేడెక్కి బూజు పడుతుంది. తుపాను హెచ్చరిక వెలువడిన రోజుల్లో రైతు ముందుగా చూసుకొనేది ధాన్యాన్ని, గడ్డిని కాదు. కృష్ణా, గోదావరి డెల్టాలలో మరొక చిక్కు కలదు. వరి కోతకు కొద్దిరోజుల ముందు చేనులోనే మినుము, పెసర వెదజల్లడం అక్కడి ఆనవాయితీ. కోత పూర్తయ్యేసరికి మొలకెత్తి ఉన్న ఆ పైరుపై ట్రాక్టరును తిప్పమని ఏ అధికారీ చెప్పజాలడు. దున్నకుండా మొక్కజొన్న వేసే పొలాలలో పైరు తొక్కుడు పడదు గాని, విత్తే యంత్రం వచ్చేలోపు గడ్డి కదలవలసి ఉంటుంది.

బేలర్ తీయలేనిది ఇంకొకటి ఉన్నది. యంత్రం కడుపులోనికి పోయి వెనుక రాలిన గడ్డిని మాత్రమే అది చుట్టగలదు. నిలిచిన కొయ్యకాళ్లను ముట్టదు. కంబైన్ అద్దె సాధారణంగా గంటల లెక్కన ఉండుటచే, పైకెత్తి కోస్తే పని వేగంగా ముగిసి రైతుకు అద్దె, యజమానికి కాలం కలిసివస్తున్నాయి. తత్ఫలితంగా గడ్డిలో చెప్పుకోదగిన భాగం కొయ్యకాళ్ల రూపంలో నిలిచిపోయి, చుట్టలు తరలించిన తరువాత కూడా అదే పొలానికి నిప్పు పెట్టుట కనిపిస్తున్నది. పొలంలో బేలర్ తిరిగినది కాబట్టి దహనం ఆగినదని నివేదికలో రాయడం సరికాదు. పంజాబ్‌లో కొయ్యకాళ్లను కోసే యంత్రం, పోగుచేసే రేక్, ఆపై బేలర్ అని మూడు దఫాలు తిప్పుతారు. మూడు దఫాల డీజిల్ ఖర్చును 50 చుట్టల ధర భరించగలదా అన్నది స్థానికంగా తేల్చవలసిన లెక్క. అంతకన్న తక్కువ ఖర్చుతో సాధ్యమయ్యేది మొదటే కింది నుంచి కోయించడం.

టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 1.2 కిలోల గంధకం ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. కాల్చినపుడు నత్రజని దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. ఈ లెక్కను దహనానికి వ్యతిరేకంగా చెప్పడం పరిపాటి, అది సబబే. అయితే చుట్టలుగా కట్టి అమ్మినప్పుడు కూడా ఆ పొటాష్ పొలం దాటి పోతున్నదన్న సంగతి ప్రచార సామగ్రిలో అరుదుగా కనబడుతుంది. ఆ గడ్డి తిన్న పశువుల పెంట తిరిగి అదే మడికి చేరితేనే లెక్క సరిపోతుంది. గడ్డి వేరే జిల్లాకు లారీలో వెళ్లిపోయిన చోట ఏటా భూసార పరీక్షలో పొటాష్ విలువను గమనించవలసి ఉంటుంది. కట్టుటకు వాడే దారం విషయంలోనూ జాగ్రత్త అవసరం. జనపనార పురికొస పశువు కడుపులో పడినా చాలావరకు చివికిపోతుంది. చౌకగా దొరుకుతున్నదని ప్లాస్టిక్ దారం వాడితే అది మేతతోపాటు లోపలికి పోయి ఉండలు కట్టి ప్రాణం మీదకు తెస్తుంది. పశువైద్యులకు ఇది కొత్త విషయం కాదు.

చుట్ట కట్టిన తరువాత మిగిలేది రవాణా. చిన్న చుట్టలలో గడ్డి సాంద్రత తక్కువ. ట్రక్కు బరువుతో కాక ఎత్తుతో నిండుతుంది. అందుచేత కిరాయి గిట్టుబాటు కోసం చుట్టలను పరిమితికి మించి పేర్చడం, ఊరి పొలిమేరలో కిందికి వేలాడే విద్యుత్ తీగలు తగిలి గడ్డి ట్రాక్టర్లు, వ్యాన్లు దారిలోనే దగ్ధమగుట తెలుగు జిల్లాలలో తరచు వినవచ్చే వార్త. 1840లలో ఒహాయో తీరాన ప్రెస్సును పుట్టించిన ఇబ్బంది ఇదే: తక్కువ చోటులో ఎక్కువ గడ్డి. గేదెకు దగ్గరగా అమ్మే చోట మినీ రౌండ్ బేలర్, వంద కిలోమీటర్లు దాటి పోయే గడ్డికి పలకల బేలర్ అను విభజన ఆర్థికంగా అర్థవంతమైనది. అద్దె కేంద్రాలకు యంత్రాలు మంజూరు చేయునపుడు ఆ మండలంలోని గడ్డి ఎంత దూరం పోతున్నదో ముందుగా విచారించుట, కంబైన్ యజమానులతో కోతకు ముందే జరిపే సమావేశాలలో గంట అద్దెతోపాటు కోత ఎత్తును కూడా ఒప్పందంలో చేర్చుట, రెండూ కొత్త నిధులు అవసరం లేని పనులు.