కనుఱెప్పల శుభ్రత

కన్నులు మండుచు, ఇసుక పడినట్లు గరగరలాడుచున్నచో పొయ్యిపొగ యనియో, వయసు దోషమనియో సరిపెట్టుకొందుము. కాని లోపము తఱచుగా ఱెప్పలయందే యుండును. ఱెప్పల యంచులలోని తైలగ్రంథులను 1666లో మైబోమ్ అను జర్మను వైద్యుడు వర్ణించెను. వాని నూనె కన్నీటిపై పొరగా నిలిచి, అది త్వరగా నావిరి కాకుండ కాపాడును. ఱెప్పలపై సూక్ష్మజీవు లెల్లరకు నుండును. అవి మితిమీరినచో నూనెను చెఱుచును. చిక్కబడిన నూనె రంధ్రములను మూయగా కన్నెండును. అట్టి కన్నే యొక్కొక్కప్పుడు నీరు కార్చును!

రాత్రివేళ కాటుకను పూర్తిగా తుడిచివేయుడు. గోరువెచ్చని నీట ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన కన్నులపై 5 నిమిషము లుంచి, ఱెప్పల నంచువైపునకు మెల్లగా నొత్తి తుడువుడు. ఒకరి కాటుక వేఱొకరు వాడరాదు. నొప్పి హెచ్చినను, చూపు మందగించినను ఆలసింపక వైద్యునకు చూపవలెను.