సిడ్నీ రేవులోని గానమందిరము



సిడ్నీ నగరమున కేగినవారిలో పెక్కుమంది రేవుగట్టున నిలిచి, ఆపెరా హౌసు వెనుక గనబడునట్లు ఛాయాచిత్రము తీయించుకొని మరలిపోవుదురు. మొదటిదినమున నేనును అట్లే చేసితిని. దూరమునకు తెల్లని తెరచాపలవలె దోచు నా కప్పులు దగ్గర కేగి చూడగా ఒక్కతెలుపు కావు. కొన్ని పెంకులు మెరయుచున్నవి, కొన్ని మీగడరంగున మెరుగులేక యున్నవి. ఇట్టివి పదిలక్షలకు పైగా స్వీడను దేశమున చేయించి తెచ్చిరి.

దీనిని కల్పించినవాడు డెన్మార్కు దేశీయుడగు యోర్న్ ఉట్జన్. 1957 లో పోటీయందు ఈతని చిత్రమే గెలిచినది. 1959 లో పని మొదలైనను ఆ కప్పుల నెట్లు కట్టవలెనో చాలకాలము తేలలేదు. తుదకు, అన్నిటిని ఒకే గోళమునుండి కోసిన తునకలుగా భావించినచో, ఒకే కొలత అచ్చులతో భాగములు పోసి కూర్చవచ్చునని తోచినది. బత్తాయితొక్క నొలుచు మనకీ యుపాయము సులభముగనే బోధపడును. 70 లక్షల డాలరులని వేసిన యంచనా 10 కోట్ల 20 లక్షలకు పెరిగినది. మన యిండ్ల పెండ్లిఖర్చులు దీనికంటె నయమే!

ప్రభుత్వముతో వివాదము ముదిరి, 1966 లో ఉట్జన్ పని విడిచి ఆ దేశమునుండి వెడలిపోయెను. లోపలి సభాశాలలను పీటర్ హాలు మొదలగువారు పూర్తిచేసిరి. 1973 అక్టోబరు 20 న ఎలిజబెత్తు రాణి ప్రారంభోత్సవము జరిపినపుడు ఉట్జన్ అచ్చట లేడు. తరువాత సంధి కుదిరినది. 2004 లో ఆతని పేర నొక గది యేర్పడినది. అయినను 2008 లో మరణించువరకు, పూర్తియైన తన మందిరము నాతడు కన్నులార చూచి యెరుగడు.

ఈ సంగతి విన్నపిదప నాకు ఛాయాచిత్రముతో తృప్తి కలుగలేదు. మరునాటి కచ్చేరికి టిక్కెట్టు కొంటిని. మెట్లు చాల నున్నవి. వృద్ధులను వెంటగొనిపోవువారు లిఫ్టు సంగతి ముందుగా విచారించుకొనవలెను. ఆలస్యముగ బోయినచో పాట నడుమ లోనికి రానీయరు.

పెద్దశాలలో కొయ్యపలకల గోడలు, పదివేలకు మించిన గొట్టములుగల ఆర్గన్ వాద్యము ఉన్నవి. అయినను నా మనస్సు వేరొక పాటపైకి పోయినది. 1960 లో, ఇంకను కప్పులు లేవకమున్నే, పాల్ రోబ్సన్ ఇచ్చటికి వచ్చి పనివాండ్రకై పాడెను. ఈ మందిరమున మొదట పాట విన్నవారు వారే కాబోలు.

విరామసమయమున ఉత్తరపు వసారాలోనికి వచ్చితిమి. అద్దముల కావల చీకటినీరు, వంతెన దీపములు. అచ్చటనుండి చూచిన ఆ తెల్లకప్పులు కనబడనే కనబడవు.