ఓపీ చీటీలో రాయని మాట

మన హాస్టల్లో చదివి నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు అయినవాళ్లు చాలామందే ఉన్నారు. డాక్టర్లయినవాళ్లూ ఉన్నారు. ఈ నాలుగు మాటలు ముఖ్యంగా వాళ్లతో. మిగతావాళ్లూ చదవండి. పండక్కి ఇంటికెళ్లి, అమ్మ ముఖమో అక్క ముఖమో చూసి, ఏమీ అడగలేక తిరిగొచ్చినవాళ్లు మనలో లేరా?

"బాత్‌రూంలో జారి పడ్డాను", "తలుపు తగిలింది". ఓపీలో తరచూ వినపడే మాటలివి. డాక్టరుగారు అదే చీటీలో రాసి, కుట్లు వేసి, నొప్పి బిళ్లలిచ్చి పంపేస్తారు. ముఖం మాత్రం వేరే కథ చెబుతూ ఉంటుంది. జారిపడేవాళ్లు చేతులు ముందుకు చాస్తారు. అరచేతులు, మోకాళ్లు గీసుకుపోతాయి. ముఖానికి తగిలినా నుదురు, ముక్కు, గడ్డం వంటి ఎత్తయిన చోట్లే ఎక్కువ. పిడికిలి దెబ్బ కంటి చుట్టూ, చెంప ఎముక మీద, దవడ మీద పడుతుంది. కుడిచేతి వాటం మనిషి ఎదురుగా నిలబడి కొడితే ఎక్కువగా ఎడమవైపే తగులుతుంది. చెంపదెబ్బకు కర్ణభేరికి చిల్లు పడొచ్చు. పెదవి లోపల పళ్లు దిగినా పైకి వాపే కనపడుతుంది. ఒక మచ్చ కొత్తగా కమిలి, పక్కది పచ్చబడి ఉంటే ఎన్నిసార్లు జారి పడినట్టు? గొంతు నులిమితే మెడ మీద గుర్తే ఉండకపోవచ్చు. గొంతు బొంగురుపోయినా, కళ్లలో ఎర్రచుక్కలున్నా అది ప్రాణాపాయం, వెంటనే ఇంటికి పంపకూడదు.

వీటితోనే భర్త కొట్టాడని తేల్చలేం. అడగడానికి మాత్రం ఇవి చాలు. అయితే చీటీ పట్టుకుని భర్తో అత్తో పక్కనే ఉంటారు. వాళ్లను మందుల కౌంటరుకు పంపి అడగాలి. ఈ పని డాక్టరు కన్నా నర్సే బాగా చేయగలదని నా అభిప్రాయం.

"మొగుడూ పెళ్లాల గొడవ మనకెందుకు? రేపు కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు?" అనే డాక్టర్లున్నారు. సమన్లొస్తే డ్యూటీ వదిలి వెళ్లాల్సిందే, ఆ ఇబ్బంది నిజం. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 18-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో తెలంగాణలో నూటికి దాదాపు 37 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది భర్త చేతిలో హింసకు గురయ్యామన్నారు. ఇంతమంది గొడవను ఇంటి గొడవ అనగలమా?

2005 గృహహింస చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. దాని నియమాల ప్రకారం, ముందుగా గృహహింస నివేదిక లేదని వైద్యం నిరాకరించకూడదు. నివేదిక లేకపోతే ఆసుపత్రి బాధ్యులే ఫారం-1 నింపి రక్షణాధికారికి పంపాలి. వైద్య నివేదిక నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. ఆ ఫారం మీ ఆసుపత్రిలో ఏ బీరువాలో ఉందో ఒకసారి అడిగి చూడండి!

రాతలో తేడా చిన్నది కాదు. ఎముక విరిగినా, పన్ను విరిగినా, ముఖం శాశ్వతంగా వికృతమైనా చట్టంలో అది తీవ్ర గాయం. 2024 జూలై దాకా ఐపీసీ 320, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 116. "ముఖంపై దెబ్బ" అని రాసి వదిలేస్తే పన్ను సంగతి కోర్టుకెలా తెలుస్తుంది?

ముంబయి బాంద్రాలోని భాభా ఆసుపత్రిలో 2001లోనే 'దిలాసా' కేంద్రం పెట్టి, సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. మన జిల్లా ఆసుపత్రులకు అది చేతకానిదేమీ కాదు.

ఆమె "అవును" అంటే వెంటనే కేసు పెట్టమని ఒత్తిడి చేయకండి. ఈ రాత్రి ఇంటికెళ్తే భయమేమైనా ఉందా అని అడగండి. 181 నంబరు చెప్పండి. కాగితం మీద రాసివ్వొద్దు, ఇంట్లో ఎవరి కంటైనా పడుతుంది. మూడంకెలే కదా, రెండుసార్లు నోటితో చెబితే గుర్తుంటుంది.