షుగరు వచ్చేట్టుందన్నారా?

“నేను తీపి ముట్టనే ముట్టనండీ. నాకు షుగరేమిటి?”

ఈ మాట అనని రోగి మా ఆసుపత్రికి అరుదుగా వస్తాడు. అలా అనేవారిలో చాలామంది అబద్ధమాడరు. వారికి నిజంగానే తీపి మీద ఆశ ఉండదు. అయినా రక్తంలో చక్కెర ఉండవలసిన దానికంటె ఎక్కువ ఉంటుంది. చక్కెర వ్యాధి అనేటంత ఎక్కువా కాదు, ఏమీ లేదనుకునేటంత తక్కువా కాదు. ఈ నడిమి స్థితిని డాక్టర్లు ప్రీడయాబెటిస్ అంటారు. జనం “బార్డర్ షుగరు” అంటున్నారు. ఈ వారం దాన్ని గురించే మనవి చేస్తాను.

ఇది రాయడానికి కారణం ముప్పాళ్ళకు చెందిన ఒక గృహిణి. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆనవాలు పట్టే వివరాలు మార్చాను. వయసు 46. ఇంటి ముందు చిన్న కిరాణా కొట్టు. ముప్పై దాటినవారికి బి.పి., షుగరు చూసే ప్రభుత్వ కార్యక్రమంలో ఆమెకు వేలిమీద సూది పొడిచి చూశారు. అనుమానం వచ్చి పరగడుపున రక్తం తీసి పరీక్ష చేయిస్తే 116 వచ్చింది. ఆ చీటీ పట్టుకుని నా దగ్గరకు రావలసిన మనిషి రాలేదు. నాలుగు నెలల తరువాత, మిరపకాయ కోతల రోజుల్లో, ఆశా కార్యకర్త పోరు పడలేక వచ్చింది. వచ్చి మొదట అడిగిన మాట ఇది: “చీటీ మీద నా పేరు కాకుండా ఇంకేదన్నా పేరు రాస్తారా సారూ?”

ఎందుకమ్మా అన్నాను.

“పిల్లకు సంబంధాలు చూస్తున్నాం. షుగరు కొంప అని పేరు పడితే గడప తొక్కేదెవరు? మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆ కాగితం కొట్లో అప్పుల పుస్తకంలో పెట్టాను.”

ఆ నాలుగు నెలలూ ఆమె ఊరకే లేదు. తెల్లవారకముందే లేచి ఎవరికీ తెలియకుండా కాకరకాయ రసం తాగింది. రాత్రిళ్లు ఒక్కపొద్దు అని చెప్పి అన్నం మానేసి, పొద్దుపోయాక ఆకలికి ఆగలేక కొట్లో బిస్కెట్లు తిన్నది. టీలో పంచదార మానేసి బెల్లం వేసుకున్నది. మనిషి దిగులుతో నలిగిపోయింది గాని చక్కెర తగ్గలేదు.

ఆమెను తప్పు పట్టే అర్హత నాకు లేదు. యాభై నిండిన ఏడు నా రక్తం నేను పరీక్ష చేయించుకుంటే పరగడుపున 109 వచ్చింది. రాత్రి పెళ్ళిభోజనం చేశాను గదా, అందుకే అయి ఉంటుందని చీటీ మడిచి సొరుగులో పెట్టాను. మళ్ళీ పరీక్ష చేయించుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళకు చెప్పే మాటే నాకు నేను చెప్పుకోలేకపోయాను.

ముందు అంకెల సంగతి చూద్దాం. ఎనిమిది గంటలు ఏమీ తినకుండా రక్తం ఇస్తే, నూరు మిల్లీలీటర్లలో చక్కెర 100 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. 126, ఆపైన ఉంటే చక్కెర వ్యాధి. 100 నుంచి 125 దాకా నడిమి స్థితి. (ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మెట్టును 110 దగ్గర మొదలుపెడుతుంది. అందుకే ఒకే చీటీని ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చదవవచ్చు. కంగారు పడకండి.) 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగిన రెండు గంటలకు చూస్తే 140 లోపు మామూలు, 200 దాటితే వ్యాధి, మధ్యది నడిమి స్థితి. రెండు మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బి ఎ1సి పరీక్షలో 5.7 నుంచి 6.4 దాకా నడిమి స్థితి.

ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. జ్వరంలో ఉన్నా, స్టెరాయిడ్ మందులు వాడుతున్నా చక్కెర పెరుగుతుంది. వేలిమీద చూసే మిషను అనుమానం చెప్పడానికే గాని నిర్ధారణకు పనికిరాదు. మన స్త్రీలకు ఇంకొక చిక్కు ఉంది. ఇనుము తక్కువై రక్తం పలచబడినవారికి ఎ1సి ఉన్నదానికంటె ఎక్కువ చూపించవచ్చు. ఈమెకు ఎ1సి 6.3 వచ్చింది, కాని హిమోగ్లోబిన్ 9 దగ్గర ఉంది. నేను ఆ 6.3ను నమ్మలేదు. మళ్ళీ పరగడుపు పరీక్షా, గ్లూకోజు పరీక్షా చేయించాను. పరగడుపున 114, రెండు గంటలకు 162. అనుమానం తీరింది. ఇనుము మాత్రలు వేరే ఇచ్చాను.

అసలు తీపి తినకుండా చక్కెర ఎక్కడిది? సాగర్ కాలువ కింద ఉన్నవారికి ఇది చెప్పడం తేలిక. రక్తం కాలువ. అందులో పారే నీరు చక్కెర. కండరాలు పొలాలు. క్లోమగ్రంథి నుంచి వచ్చే ఇన్సులిన్ తూము తలుపులెత్తే లస్కరు. నడుముచుట్టూ, కాలేయంలో క్రొవ్వు చేరి, ఒంటికి కదలిక తగ్గిందంటే తలుపులు తుప్పు పడతాయి. ఒక లస్కరు ఎత్తే తలుపుకు ముగ్గురు కావలసి వస్తారు. క్లోమం ముగ్గురినీ పంపిస్తుంది, కొన్నేళ్ళు అలా నెట్టుకొస్తుంది. మనకేమీ తెలియదు, నొప్పి ఉండదు, దాహం వేయదు. చివరకు పంపడానికి మనుషులు చాలక నీరు పొలంలోకి పోకుండా కాలువలోనే నిలుస్తుంది. తుప్పు పట్టింది గాని లస్కర్లు ఇంకా ఉన్నారు అన్న దశే ఈ ప్రీడయాబెటిస్. తలుపులు బాగుచేసుకోవడానికి వీలున్నది ఇప్పుడే.

ఇక కాలువలోకి వచ్చే నీరు. “మీ కొట్లో కాటా ఉంది గదమ్మా! వారం రోజులు మీరు తినే అన్నం దాని మీద పెట్టి తూచి రాసుకురండి” అన్నాను. అప్పుల పుస్తకం వెనక అట్ట మీద రాసుకొచ్చింది. రాత్రి అన్నం మానవద్దన్నాను కాబట్టి రెండు పూటలవీ ఉన్నాయి. మధ్యాహ్నం 450 గ్రాములు, రాత్రి 400, అటూ ఇటూగా. అన్నంలో బరువుకు నాలుగో వంతుకు పైగా పిండిపదార్థమే. ఆ లెక్కన రోజుకు 200 గ్రాములకు మించిన పిండి అన్నం నుంచే వస్తోంది. కడుపులోకి పోయాక అదంతా గ్లూకోజే. దాని పక్కన కూర ఎంత అని అడిగితే, “కలుపుకోవడానికి సరిపోనంత” అన్నది. పైగా కొట్లో కూర్చుని తాగే అయిదు టీలు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల బెల్లం. అంటే రోజుకు 50 గ్రాములు, నెలకు కిలోన్నర! బెల్లమైనా తేనైనా రక్తానికి చక్కెరే. వాటికి మినహాయింపు లేదు.

పలనాడు మొదటినుంచీ ఇలా తినలేదు. శ్రీనాథుడి పేరుమీద చెప్పుకునే చాటువుల్లో ఈ సీమ జొన్నకూటిని వెక్కిరించిన సంగతి అందరికీ తెలుసు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ తరువాత పండుగనాడు వండుకునే వరి అన్నం క్రమంగా రెండు పూటల తిండి అయింది. దాన్ని తప్పనను. ఆకలి తీర్చిన గింజ అది. కాని వెనుక ఆ కూడు తిన్నవారు పొద్దస్తమానం పొలంలో వంగి లేచారు. ఈమె కూడా పదేళ్ళ క్రితం దాకా పత్తి తీసిన మనిషే. పొలం కౌలుకిచ్చి కొట్లో కూర్చున్నది గాని కంచంలో అన్నం తగ్గలేదు.

అలాగని “జొన్నలు తింటే షుగరు రాదట గదండీ” అనేవారితో నేను ఏకీభవించను. నూరు గ్రాముల తెల్లబియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములైతే జొన్నల్లో సుమారు 68. పీచు మాత్రం బియ్యంలో మూడు గ్రాముల లోపు, జొన్నల్లో పది. మేలైన గింజే గాని మందు కాదు. రెండు జొన్నరొట్టెలు అన్నానికి బదులు తింటే లాభం, అన్నంతో పాటు తింటే నష్టం. రాగిజావ సంగతి ఇంకా చెప్పాలి. మెత్తటి పిండి పలచగా కాచి, బెల్లం వేసి రెండు గ్లాసులు తాగి “పథ్యం చేస్తున్నాను” అనేవారిని చూస్తే నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

ఆమెకు నేను వేరే వంట చెప్పలేదు. ఇంట్లో ఒక్కరికి పథ్యం వంట అంటే అది నెల తిరగకుండా మూలపడుతుందని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. అదే గోంగూర, అదే కందిపప్పు, అదే వంకాయ. కొలతలు తిరగవేశాము, అంతే. మధ్యాహ్నం అన్నం 200 గ్రాములు, కాటా మీద తూచే. కూర ఇంటిల్లిపాదికీ రెండింతలు వండాలి. బీర, సొర, దొండ, గోరుచిక్కుడు, తోటకూర ఏదైనా సరే. నూనె మాత్రం పెంచవద్దన్నాను. ముందు కూర, గట్టిపప్పు సగం తిన్నాక అన్నం కలుపుకోవాలి. ఈ వరస మారిస్తే తిన్న తరువాత చక్కెర అంత ఎత్తుకు ఎగరదు. రాత్రి రెండు జొన్నరొట్టెలు, లేదా కొద్దిగా అన్నం, పైన పలచని మజ్జిగ. ప్రొద్దున నాలుగిడ్లీలకు బదులు రెండు పెసరట్లు, లోపల ఉప్మా లేకుండా. కోడిగుడ్డు తినే ఇల్లే కాబట్టి రోజుకొకటి. సాయంత్రం పునుగుల స్థానంలో గుప్పెడు ఉడికించిన శనగలు. టీ రెండుసార్లు, తీపి లేకుండా. ఈ ఒక్కటే ఆమెకు కష్టమైంది. “గడ్డినీళ్ళలాగా ఉంది సారూ” అన్నది. మూడు వారాలకు అలవాటు పడింది.

నడక దగ్గర పేచీ వచ్చింది. “పొద్దున్నే రోడ్డు మీద ఊరికే నడిస్తే ఏమైంది ఈమెకు అని అడుగుతారు.” అదీ నిజమే. డాబా మీద నడవమన్నాను. తెల్లవారి పదిహేను నిమిషాలు, రాత్రి తిన్న తరువాత పదిహేను నిమిషాలు. కొట్లో అరగంటకొకసారి లేచి సరుకు తానే అందివ్వాలి, కూర్చుని పిల్లకు పురమాయించకూడదు.

ఇంత చేస్తే ఫలితం ఉంటుందా అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. మద్రాసులో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఇటువంటి నడిమి స్థితిలో ఉన్న 531 మందిని మూడేళ్ళు చూసి 2006లో ఫలితాలు ప్రకటించింది. ప్రత్యేకించి ఏమీ చేయనివారిలో నూటికి 55 మందికి చక్కెర వ్యాధి వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవారిలో 39 మందికి వచ్చింది. పెద్దగా బరువు తగ్గకపోయినా ఈ మేలు కనిపించింది. అంటే సన్నగా ఉన్నవారు కూడా నాకెందుకులే అనుకోరాదు. చైనాలో 1986లో మొదలైన ఇటువంటి ప్రయోగంలో ముప్పై ఏళ్ళ తరువాత కూడా ఆ మేలు నిలిచి ఉంది. అందరికీ వ్యాధి తప్పుతుందని నేను చెప్పను. ఆ 39 మంది కూడా మాట విన్నవారే. వారిలో ఎందరికో వంశం బలంగా ఉండి ఉంటుంది. అయినా తేడా తక్కువది కాదు. మన దేశంలో ఇలా అంచున ఉన్నవారు 13 కోట్లకు పైగా ఉన్నారని 2023లో వెలువడిన జాతీయ సర్వే అంచనా వేసింది. కనుక “షుగరు కొంప” అని వేలెత్తి చూపేవారి ఇంట్లో కూడా ఒకరు ఉండే ఉంటారు.

ఆమె ఒప్పుకున్నాకనే భర్తను పిలిపించాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “ఇంతకీ నాకెంతుందో చూడండి” అన్నాడు. పరగడుపున 118! ఒకే కుండలో వండింది ఇరవై అయిదేళ్ళు తిన్నవారు మరి. ఆ రోజునుంచి ఇంట్లో కూర రెండింతలు వండడానికి ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది.

కాకరరసం, మెంతుల సంగతి చాలామంది రాస్తున్నారు. మెంతుల మీద హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలోనే పరిశోధనలు జరిగాయి. వాటిలోని పీచు వల్ల కొంత మేలుంది. వంటలో వాడుకోండి. అన్నం తగ్గించకుండా మెంతినీళ్ళు తాగితే మాత్రం పని జరగదు. మెట్‌ఫార్మిన్ మాత్ర కొందరికి ఈ దశలోనే ఇస్తాము. అది డాక్టరు చూసి చెప్పవలసిన విషయం. పక్కింటివారి మాత్రలు అరువు తెచ్చుకోకండి. ఉన్నట్టుండి అతిదాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం కనబడితే ఈ వ్యాసం పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి రండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పు, గుడ్డు పెంచే ముందు డాక్టరును అడగాలి. మగవారికి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటినా, తల్లిదండ్రుల్లో ఎవరికైనా షుగరున్నా, కాన్పు సమయంలో షుగరు వచ్చి పోయినా ఏడాదికొకసారి పరీక్ష చేయించుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దీనికి డబ్బు అక్కరలేదు.

ఆరు నెలలకు ఆమెకు పరగడుపున 103, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 138 వచ్చింది. ఆయనకు 107. మళ్ళీ ఎక్కదని నేను రాసివ్వలేదు. ఏటేటా చూసుకోవలసిందే.

ఆ మధ్యలోనే పిల్లకు సంబంధం కుదిరింది. మగపెళ్ళివారికి చెప్పాలా అని అడిగింది. అది మీ ఇష్టం, పిల్లకు జబ్బేమీ లేదు, పెళ్ళికి ఇది అడ్డమూ కాదు అన్నాను. పిల్లకు మాత్రం తప్పక చెప్పమన్నాను. ఇద్దరికీ ఉన్నప్పుడు ఆమెకూ వచ్చే అవకాశం ఎక్కువ, నెల తప్పగానే షుగరు చూపించుకోవాలి. తల్లి బెరుకుబెరుకుగా చెప్పబోతే, “నాకు ఎప్పుడో తెలుసమ్మా” అన్నదట ఆ పిల్ల. కొట్లో అప్పులు రాసేది ఆమే మరి! తల్లి ఎప్పుడు చెబుతుందా అని తానూ దిగులుపడుతూ కూర్చున్నది.

మొన్న శుభలేఖ ఇవ్వడానికి వచ్చినప్పుడు, పెళ్ళిలో బొబ్బట్టు తినవచ్చా అని అడిగింది. ఒకటి తినండి, ఆ పూట అన్నం సగం చేయండి, మర్నాడు డాబా ఎక్కడం మానకండి అన్నాను. నాకూ అదే లెక్క.