మూతపడిన ఫ్యాక్టరీ నేల, కాలవ కింద రైతు

2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఒక కొత్త విధానం ప్రకటించింది. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు లోపలి పాత పారిశ్రామిక వాడల్లో తొమ్మిది వేల ఎకరాలకు పైగా భూమిని యిళ్లకు, దుకాణాలకు, ఆఫీసులకు మార్చుకోవచ్చునన్నది దాని సారాంశం. యజమాని రిజిస్ట్రేషను విలువలో 30 శాతమో, పెద్ద రోడ్డు పక్కనైతే 50 శాతమో రుసుము కడితే సరిపోతుంది. బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్ వంటి వాడలు యిందులో వున్నవి. రాజకీయ పక్షాల మధ్య రేగిన రగడ ప్రధానంగా భూమి ధర చుట్టూ తిరిగింది. యెవరికి యెన్ని కోట్లు దక్కుతాయన్నదే వాదన. దశాబ్దాల తరబడి రంగులు, మందులు, ఆమ్లాలు, లోహాలు యింకిన ఆ నేలలో యేమున్నదన్న ప్రశ్న మాత్రం వెనకబడిపోయింది.

హైదరాబాదు గొడవ గోదావరి జిల్లాల రైతుకెందుకని కొందరు అడగవచ్చు. యిక్కడా పట్టణాలు పెరుగుతున్నవి. రాజమండ్రి, కాకినాడ, తణుకు, భీమవరం, ఏలూరు - యెక్కడ చూసినా ఒకప్పుడు ఊరి బయట కట్టిన మిల్లులు యిప్పుడు ఊళ్లో కలిసిపోయినవి. సెంటు ధర లక్షల్లో పలికేచోట ఫ్యాక్టరీ నడపటం కంటె, మూసేసి ప్లాట్లు వేసుకోవటమే యజమానికి లాభసాటి. అటువంటి నేలను పరీక్షించకుండా చేతులు మార్చితే, నష్టం ఆ ప్లాటు కొన్న గుమాస్తాతోనో, మేస్త్రీతోనో ఆగదు. మురుగు కోడు వెంబడి, కాలవ వెంబడి దిగువ రైతుదాకా వస్తుంది. కాబట్టి ప్లాటు హద్దు రాయి పాతటానికి ముందు మట్టి పరీక్ష జరగాలి. శుభ్రం చేసే ఖర్చు, ఆ నేలను పాడుచేసి లాభం తీసుకున్నవాడే భరించాలి.

డెల్టాలో నేల వేరు, నీరు వేరు కాదు

1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన తరువాత తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో సుమారు పది లక్షల ఎకరాలు కాలవ కిందికి వచ్చినవి. మనకు సాగునీరు కాలవదే, చాలా గ్రామాలకు తాగునీరూ కాలవదే. వేసవిలో కాలవలు కట్టేసే ముందు మంచినీటి చెరువులు నింపుకుంటాం. ఆ నీటితోనే మళ్లీ కాలవ వదిలేదాకా కాలక్షేపం. సార్వా రోజుల్లో పల్లపు చేలల్లో గొయ్యి తవ్వితే నాలుగడుగుల్లోనే ఊట కనిపిస్తుంది.

మెట్టలో ఫ్యాక్టరీ వ్యర్థం పాతితే అది నీటిని చేరటానికి కొంత కాలం పడుతుంది. డెల్టాలో పాతటమంటే దాదాపు నీళ్లలోనే పాతటం. పైగా మన పట్టణాల మురుగంతా డ్రెయిన్లలోకే దిగుతుంది. తణుకు వైపు గోస్తనీ, భీమవరంలో యనమదుర్రు, తూర్పున తుల్యభాగ - యివన్నీ వరద నీరు దించటానికే గాని విషం మోయటానికి వున్నవి కావు. దాళ్వాలో కాలవ నీరందని శివారు రైతు ఆ డ్రెయిన్లోనే యింజను పెట్టి తోడుకుంటున్నాడు. "పై ఊళ్లో యేం కలుపుతున్నారో మాకేం తెలుసండీ, నీళ్లుంటే చాలు చేను బతుకుద్ది" అనుకునే పరిస్థితి వాడిది. చేపల చెరువులకూ అదే నీరు.

యింకొక దారి వున్నది. దాన్ని గురించి యెవరూ పెద్దగా ఆలోచించరు. డెల్టాలో యిల్లు కట్టాలంటే ముందు మెరక చేయాలి. మెరకకు మట్టి కావాలి. పాత ఫ్యాక్టరీ పడగొట్టి పునాదులు తవ్వినప్పుడు వచ్చిన మట్టి, బాయిలరు బూడిద, గోడల రద్దు టిప్పర్ల మీద యెక్కడికి పోతున్నవి? బళ్ల ఆవరణలకు, పేదల యిళ్ల స్థలాలకు, చేలగట్లకు కాదా? ఫ్యాక్టరీ ఆవరణలో పదెకరాల్లో వున్న చెడుగు, లెక్కాపత్రం లేకుండా పది ఊళ్లకు పంచిపెట్టినట్లవుతుంది.

2020లో కోరుకొండ మండలం బూరుగుపూడి ఆవ భూములను పేదల యిళ్లకు కొన్నప్పుడు అవి ముంపు నేలలని వివాదం రేగి హైకోర్టుకెక్కింది. అక్కడ నిలిచిన నీరు అందరి కంటికీ కనిపించింది. సీసం, పాదరసం, క్రోమియం కంటికి కనిపించవు. కాబట్టి అడిగేవాడుండడు.

అన్నిటినీ ఒకే గాట కట్టరాదు

పాత ఫ్యాక్టరీ ప్రతిదీ విషపు గుంట అని మన వాదన కాదు. బియ్యం మిల్లులో వూక బూడిద వుంటుంది, చక్కెర మిల్లులో మడ్డి, మొలాసిస్ వుంటవి. వాటి బెడద వేరు, పరిమితం. పాత పద్ధతిలో పాదరసం వాడిన కాస్టిక్ సోడా ప్లాంటు, క్లోరినుతో గుజ్జు తెలుపుచేసే కాగితం మిల్లు, తోళ్ల పరిశ్రమ, బ్యాటరీ పరిశ్రమ, లోహాలకు పూత వేసే షెడ్డు, పురుగుమందుల గోడౌను, పాత పెట్రోలు బంకు - వీటి కింది నేలను అనుమానించి తీరాలి.

కాకినాడలో నాగార్జున ఎరువుల కర్మాగారం 1992లో, రెండవ యూనిట్ 1998లో ఉత్పత్తి ప్రారంభించినవి. తరువాత కంపెనీ అప్పులపాలై దివాలా ప్రక్రియలో పడింది. ఆ స్థలంలో ఏఎం గ్రీన్ సంస్థ యేటా పది లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా పథకం తలపెట్టింది. పాత పారిశ్రామిక స్థలాన్ని తిరిగి పరిశ్రమకే వాడటం, కొత్తగా పంట భూములు గుంజుకోవటం కంటె మేలే. ఆ నేల చెడ్డదని మేము అనటం లేదు. మట్టి, నీరు పరీక్షల ఫలితాలు ప్రజల ముందు పెట్టే పద్ధతి మాత్రం యిటువంటి ప్రతి స్థలానికీ వుండాలి.

రాజమండ్రి కాగితం మిల్లు మూలం 1924 నాటి కర్నాటిక్ పేపర్ మిల్స్. ధవళేశ్వరానికి యెగువన వున్న ఆ మిల్లు నేటికీ నడుస్తున్నది, వేలాది కుటుంబాలకు అన్నం పెడుతున్నది, నడవాలి కూడా. వందేళ్లు నడిచిన యే మిల్లయినా సరే, ఆవరణలో యెక్కడ యేమి నిలవచేశారో, యెక్కడ పూడ్చారో రికార్డు తయారుచేయవలసింది అది నడుస్తున్నప్పుడే. మూతపడిన మర్నాడు ఆ కాగితాలు దొరకవు.

యితర చోట్ల జరిగింది

అమెరికాలో నయాగరా పట్టణం దగ్గర లవ్ కెనాల్ అనే తవ్వి వదిలేసిన కాలవలో ఒక రసాయనాల కంపెనీ దాదాపు 20 వేల టన్నుల వ్యర్థం పూడ్చి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు బడి బోర్డుకు రాసిచ్చింది. బడి కట్టారు, చుట్టూ యిళ్లు లేచినవి. 1978లో జనాన్ని ఖాళీ చేయించవలసి వచ్చింది. ఆ ఆందోళన ఫలితంగానే 1980లో అక్కడ కలుషిత స్థలాల శుద్ధికి ప్రత్యేక చట్టం వచ్చింది.

దగ్గరి ఉదాహరణలకు కొదవ లేదు. తమిళనాడు రాణిపేటలో 1990 దశకంలో మూతపడిన క్రోమేట్ ఫ్యాక్టరీ లక్షన్నర టన్నులకు పైగా క్రోమియం వ్యర్థాన్ని వదిలిపోయింది. మన పటాన్‌చెరులో నక్కవాగు వెంబడి రైతులు పొలాలు పాడై 1990లో సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. 2007లో అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు వున్నట్లు స్వీడన్ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. భోపాల్ యూనియన్ కార్బైడ్ ఆవరణలోని 337 టన్నుల వ్యర్థాన్ని పీథంపూరుకు తరలించటానికి 2025 జనవరిదాకా పట్టింది. దుర్ఘటన జరిగింది 1984లో. పైన పోగుపడింది పోయిందిగాని, కింది మట్టి, నీరు అలాగే వున్నవి.

రాజస్థాన్‌లోని బిచ్‌డీ గ్రామం కథ రైతులు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. రంగుల తయారీకి వాడే ఒక ఆమ్లం ఫ్యాక్టరీ మూతపడినా బావుల నీరు బాగుపడలేదు. పాడుచేసినవాడే ఖర్చు భరించాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కంపెనీ కోర్టుల్లో తిప్పి తిప్పి 15 యేళ్లు గడిపింది. 2011లో 37 కోట్ల రూపాయలకు పైగా, వడ్డీతో సహా కట్టాలని కోర్టు మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. న్యాయం కాగితం మీద వుండటం వేరు, బావిలోకి రావటం వేరు.

కొత్త నిబంధనలు, వదిలేసిన సందులు

2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. అనుమానిత స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకొకసారి తయారుచేయాలి. కాలుష్య నియంత్రణ మండలి గాని, నిపుణుల సంస్థ గాని 90 రోజుల్లో ప్రాథమిక పరీక్ష, మరో మూడు నెలల్లో సమగ్ర పరీక్ష జరపాలి. కలుషితమని తేలితే ప్రజలకు చెప్పి, రాకపోకలు ఆపాలి. బాధ్యుణ్ణి 90 రోజుల్లో గుర్తించాలి. ఖర్చు అతనిదే. అతను కట్టకపోతే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలి.

యిది ముందడుగే. కాని సందులు పెద్దవి. పరీక్షలకు గడువు పెట్టారుగాని శుద్ధి పూర్తిచేయటానికి గడువు పెట్టలేదు. దేశంలో గుర్తించిన 103 కలుషిత స్థలాల్లో, నిబంధనలు వచ్చేనాటికి పని మొదలైనవి ఏడు మాత్రమే. పట్టణ చెత్త దిబ్బలను, గని కాలుష్యాన్ని యీ నిబంధనల నుంచి తప్పించారు.

అన్నిటికంటె పెద్ద సందు దివాలా చట్టంలో వున్నది. కంపెనీ ఆస్తులు అమ్మినప్పుడు ముందు ప్రక్రియ ఖర్చులు, తరువాత తనఖా పెట్టుకున్న బ్యాంకులు, కార్మికుల రెండేళ్ల బకాయిలు. చెరకు తోలిన రైతు బాకీలాంటివి వరుసలో వెనకెక్కడో. నేల శుద్ధి ఖర్చుకు ఆ వరుసలో ప్రత్యేక స్థానమే లేదు. పైగా 2020 సవరణ ప్రకారం కంపెనీ కొత్త చేతుల్లోకి పోతే పాత నేరాలకు కంపెనీని శిక్షించటానికి లేదు. లాభం పాతవాడు తీసుకుపోతాడు, భూమి కొత్తవాడికి దక్కుతుంది, మిగిలిన మురికి ఊరిది.

రైతు సంఘాలు చేయవలసింది

మట్టి పరీక్ష బ్రహ్మవిద్య కాదు. మొదటి మెట్టు పాత కాగితాలు, పాత మనుషులు. ట్యాంకు యెక్కడుండేది, రాత్రిపూట వ్యర్థం యే గోడ వెనక పోసేవారు అన్నది రిటైరయిన కార్మికుడికి తెలిసినంతగా యే ఇంజనీరుకూ తెలియదు. రెండవ మెట్టు వివిధ లోతుల్లో మట్టి, చుట్టూ బోర్ల నీరు, దిగువ డ్రెయిన్ అడుగు బురద తీసి పరీక్షించటం. ఫలితాన్ని బట్టి కొంత నేలను తవ్వి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపవలసి రావచ్చు, కొంత కప్పిపెట్టవలసి రావచ్చు, కొంత యేమీ చేయనక్కరలేకుండానే వాడుకోవచ్చు. ఆ తేడా తెలియాలంటే ముందు చూడాలి గదా!

కాబట్టి గ్రామ సభల్లో, నీటి సంఘాల్లో యీ కోర్కెలు తీర్మానాలుగా రావాలి. అనుమానిత స్థలాల ఆరు నెలల జాబితాను కలెక్టరు ప్రతి పంచాయతీకి, మున్సిపాలిటీకి తెలుగులో అందజేయాలి. ఫ్యాక్టరీ భూమి వినియోగం మార్చే ప్రతి అనుమతికీ మట్టి పరీక్ష షరతు కావాలి, ఆ పరీక్ష యజమాని పిలిచిన సంస్థతో కాక మండలి నియమించిన సంస్థతో జరగాలి. భూమార్పిడి రుసుములో శుద్ధి ఖర్చు విడిగా జమకట్టాలి. గని యజమాని మూసివేతకు ముందుగానే హామీ సొమ్ము పెట్టినట్లు, ప్రమాదకర పరిశ్రమ నడుస్తుండగానే డిపాజిట్ కట్టాలి. పరీక్ష కాని ఆవరణ నుంచి ఒక్క టిప్పరు మట్టి కూడా బయటికి కదలరాదు.

యివి గొంతెమ్మ కోర్కెలు కావు, చాలావరకు వున్న నిబంధనలను అమలు చేయమనటమే. యీ సారి మీ ఊరి మెరకకు మట్టి తోలే టిప్పరు వచ్చినప్పుడు, బాడుగ యెంతని అడిగే ముందు ఆ మట్టి యెక్కడిదని అడగండి.