నెగటివ్‌లో నానమ్మ పెళ్లి

సూరత్‌లో ఇల్లు సర్దుకునేవాళ్లు ఏ వస్తువు ఎక్కడ ఉందన్న దానికంటే ఎంత ఎత్తులో ఉందన్నదే ఎక్కువ చూసుకుంటారు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది ఊరి మీద పడినప్పుడు నగరంలో చాలా భాగం మునిగిపోయింది. కింది అంతస్తుల్లో రోజుల తరబడి బురద నీళ్లే. లింబాయత్ వైపు వాళ్లకైతే నది దాకా అక్కర్లేదు, మీఠీ ఖాడీ పొంగినా చాలు. వరద తగ్గాక రాసుకునే నష్టాల జాబితాలో టీవీ ఉంటుంది, ఫ్రిజ్ ఉంటుంది. పెళ్లి ఆల్బమ్ ఉండదు. దానికి వెల ఎంతని రాస్తారు?

మరమగ్గాల పని వెతుక్కుంటూ నల్గొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరంలో తరాలుగా స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా పెట్టింది. అలాంటి ఇంట్లో ఊళ్లోని పెంకుటిల్లు, చేతిమగ్గం, చిన్నప్పుడే పోయిన తాత ముఖం ఇవన్నీ మిగిలేది ఫొటోల్లోనే. అయితే గోడకు వేలాడదీసిన ఫొటో చెమ్మకు అద్దాన్ని అంటుకుపోతుంది. స్టూడియో వాడు ఇచ్చిన కవరులో, అటక మీద ట్రంకు పెట్టెలో ఎవరూ పట్టించుకోని నెగటివ్ మాత్రం చాలాసార్లు బతికి ఉంటుంది. అందుకే పాత ఫొటోలు కంప్యూటర్‌కు ఎక్కించాలనుకునే వాళ్లకు నా మొదటి సలహా, ఆల్బమ్ తెరవకముందు ఆ కవర్లు వెతకమని.

ఏ సైజు నెగటివ్ ఉందో చూశాకే స్కానర్ సంగతి. అగ్ఫా క్లిక్ కెమెరా గుర్తుందా? పక్కనే బరోడాలో తయారై దేశమంతా తిరిగిన చవక కెమెరా అది. అందులో వేసేది వెడల్పాటి 120 ఫిల్మ్, చదరంగా పన్నెండు బొమ్మలు. ఫిల్మ్ స్కానర్ పేరుతో అమ్మే చిన్న యంత్రాల్లో చాలా వాటిలో 35 ఎంఎం రీలు తప్ప మరొకటి పట్టదు. రెండు రకాలూ ఉన్న ఇంటికి, మూతలోనూ దీపం ఉండే ఫ్లాట్‌బెడ్ స్కానరే సరైనది. మామూలు ఆఫీసు స్కానర్ కాగితం మీద పడి తిరిగొచ్చే వెలుగును చదువుతుంది. నెగటివ్‌లో నుంచి వెలుగు దూసుకురావాలి. ఆ తేడా తెలియక కొన్న స్కానర్లు ఎన్ని మూలన పడి ఉన్నాయో.

దుకాణంలో చెప్పే పెద్ద పెద్ద అంకెలకు మోసపోవద్దు. 35 ఎంఎం బొమ్మను అంగుళానికి 2,400 చుక్కల లెక్కన స్కాన్ చేస్తే దాదాపు 77 లక్షల చుక్కల చిత్రం వస్తుంది. గోడకు పెట్టుకునే సైజు ముద్రణకు అది చాలు. క్లిక్ కెమెరా నెగటివ్ పెద్దది కాబట్టి 1,200 పెట్టినా దాదాపు అంతే వస్తుంది. స్కానర్ కొనే ఉద్దేశం లేకపోతే తెల్లని తెర పెట్టిన ట్యాబ్లెట్ మీద పాల రంగు ప్లాస్టిక్ పలక ఉంచి, దాని మీద నెగటివ్ పెట్టి ఫోన్‌తో తీయొచ్చు. పలక లేకపోతే తెర చుక్కలన్నీ బొమ్మలో కనిపిస్తాయి. నాణ్యత తక్కువే గానీ, ఏ నెగటివ్‌లో ఏముందో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

దుమ్ము తుడిచే సాఫ్ట్‌వేర్ గురించి ఒక మాట. కొన్ని స్కానర్లు పరారుణ కాంతితో దుమ్మునూ గీతలనూ పసిగట్టి మాయం చేస్తాయి. రంగుల ఫిల్మ్‌లోని రంగులు ఆ కాంతిని ఆపవు, దుమ్ము ఆపుతుంది. కిటుకంతా అదే. కానీ నలుపు తెలుపు నెగటివ్‌లో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది. వెండి కూడా ఆ కాంతిని అడ్డుకుంటుంది కాబట్టి యంత్రం నానమ్మ ముఖాన్నే మరక అనుకుంటుంది! అక్కడ ఆ సౌకర్యం ఆపేసి, గాలి ఊదే రబ్బరు బుడ్డితో సరిపెట్టుకోవాలి. స్లైడ్లలోనూ కొడాక్రోమ్‌తో ఇలాంటి చిక్కే ఉంది. 2009లో ఆ ఫిల్మ్ తయారీ ఆగిపోయింది గానీ, విదేశాల్లో ఉన్న బంధువులు తీసినవి మన ఇళ్లలో ఇంకా దొరకొచ్చు.

బూజు పట్టిన నెగటివ్‌ను నీళ్లతో కడగొద్దు. ఫిల్మ్ మీది పూత జెలటిన్. బూజు తిన్నచోట అది నీళ్లకు కరిగిపోతుంది, దాంతోపాటు బొమ్మా పోతుంది. వరదలో తడిసినదైతే పద్ధతి వేరు. ఒకదానికొకటి అంటుకుని ఎండిపోనివ్వకుండా శుభ్రమైన చల్లటి నీళ్లలో ఉంచి, నెమ్మదిగా విడదీసి, క్లిప్పులతో దండెం మీద ఆరేయాలి. పెట్టె తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఆ ఫిల్మ్ కుళ్లిపోతోందని అర్థం. వాటిని విడిగా పెట్టి, అన్నిటికంటే ముందు స్కాన్ చేయండి.

నెగటివ్‌ను తిరగేసి పెట్టినా బొమ్మ వస్తుంది, కాకపోతే కుడి ఎడమలు మారతాయి. మెరిసే వైపు నుంచి చూసినప్పుడు అంచు మీది అక్షరాలు సరిగా చదవగలిగితే అది సరైన వైపు. సూరత్‌లో ఇది మరీ ముఖ్యం. గుజరాతీ కట్టులో పైట కుడి భుజం మీంచి వస్తుంది. తిరగబడ్డ బొమ్మలో సిరిసిల్ల పెళ్లికూతురు కాస్తా గుజరాతీ కోడలై కూర్చుంటుంది.

స్కానింగ్ అయ్యాక నెగటివ్‌లు పారేయొద్దు, హార్డ్ డిస్క్ వాటికంటే ముందే పోవచ్చు. కాపీలు రెండు చేసి ఒకటి సూరత్ బయట, ఊళ్లోనో హైదరాబాద్‌లోనో అన్నదమ్ముల దగ్గర ఉంచాలి. తాపీ పొంగితే రెండూ ఒకేసారి తడవకూడదు.

అసలు కష్టం ఇంకోటి ఉంది. ఫొటో వెనక ఎవరో ఒకరు పేరు, తేదీ రాస్తారు. నెగటివ్ మీద ఏమీ ఉండదు. ఊరి నుంచి మొదట వచ్చిన తరంలో చాలామంది ఇప్పటికే వెళ్లిపోయారు. పందిట్లో పక్కన నిలబడ్డ ఆ కుర్రాడు మేనమామో, సాంచె పక్కన పనిచేసిన స్నేహితుడో చెప్పగలిగేవాళ్లు ఇంటికి ఒక్కరో ఇద్దరో. వందల బొమ్మల్లో రంగులు దిద్దుకుంటూ నెలలు గడిపేవాళ్లు ఈ పని చివరికి వాయిదా వేస్తారు. అది తలకిందులు పని. రంగులు వచ్చే ఏడాది దిద్దుకోవచ్చు. ముందు అన్నీ ముతకగా స్కాన్ చేసి, ఆదివారం టీవీకి తగిలించి, పెద్దమనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ఫోన్లో రికార్డు పెట్టండి. మనవలకు తెలుగు రాయడం రాకపోతే పేర్లు గుజరాతీ లిపిలోనే రాసుకోనివ్వండి. ఆ గొంతు రికార్డును మాత్రం ఫొటోలున్న ఫోల్డర్‌లోనే దాచండి.